బరంపురంలో బొమ్మ కారు బిగించుకోవడానికి వెళ్తున్నారా, కింద నుంచి మొదలుపెట్టండి

మా అక్కావాళ్ళది ఇచ్ఛాపురం. బట్టలకైనా కళ్ళజోడుకైనా పెళ్ళి సామానుకైనా ఆ చుట్టుపక్కల చాలామందికి సరిహద్దు అవతల ఒడిశాలో ఉన్న బరంపురమే బజారు, మా మేనల్లుడికి అదనంగా మావయ్య ఇల్లు కూడా, అందుకని బడికి సెలవులిచ్చిన మర్నాడే సంచి తగిలించుకుని దిగిపోతాడు. పోయిన వేసవిలో చెప్పులు విప్పకముందే "మావయ్యా, ఇక్కడేదో షాపులో కారు మనమే బిగించుకోవచ్చంట కదా, ఎప్పుడు తీసుకెళ్తావు" అని మొదలుపెట్టాడు. తీసుకెళ్ళాను. ఇప్పటికి మూడుసార్లయింది. మొదటిసారి డబ్బులు తగలేశాం, రెండోసారి మా అక్క చేత తిట్లు తిన్నాం, మూడోసారికి గానీ ఆ షాపులో ఎలా మసలుకోవాలో తెలియలేదు. మీరు మాలాగా తిరగక్కర్లేకుండా రాస్తున్నా.

చూడని వాళ్ళ కోసం చెప్తా. లోపలికి వెళ్ళగానే గోడ నిండా రంగురంగుల కారు బాడీలు వేలాడుతుంటాయి. కింద డబ్బాల్లో చక్రాలు, టైర్లు, ఇరుసులు, గాజు అరలో మోటార్లు, స్టిక్కర్ షీట్లు. మధ్యలో ఒక బల్ల, దాని మీద స్క్రూడ్రైవర్లు. ఏది కావాలో ఎంచుకుని అక్కడే కూర్చుని బిగించుకోవాలి, చేసిన కారు ఇంటికి తెచ్చుకోవాలి, అంతే. పద్ధతి కొత్తదేమీ కాదు. అమెరికాలో సౌత్ కరోలినాలోని మిర్టిల్ బీచ్‌లో 2007లో రైడ్‌మేకర్జ్ అనే షాపు సరిగ్గా ఇలాగే మొదలైంది, పిల్లల చేత ఎలుగుబంటి బొమ్మలు తయారు చేయించే బిల్డ్-ఎ-బేర్ కంపెనీ అందులో డబ్బు పెట్టింది, అక్కడ ముస్టాంగ్ లాంటి అసలు కార్ల పోలికలో బాడీలు దొరికేవి. జపాన్‌లో టమియా కంపెనీ 1982 నుంచే చిన్న మోటారు, రెండు పెన్సిల్ సెల్స్‌తో పరిగెత్తే మినీ ఫోర్‌వీల్ డ్రైవ్ కార్లని విడిభాగాలుగా అమ్ముతోంది. మా బరంపురం షాపులో సరుకు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, కొంచెం అదీ కొంచెం ఇదీ.

బయల్దేరే ముందు రెండు పనులు. ఒకటి, టైము. మా షాపతను ఎండాకాలం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా షట్టర్ సగం దించేసి నాలుగు దాటాక గానీ ఎత్తడు, కాబట్టి పొద్దున్న పదిన్నరకి అక్కడుండేలా చూసుకోండి, అప్పుడైతే బల్ల దగ్గర పిల్లల గుంపు ఉండదు, అతనికీ పక్కన నిలబడి చూపించే ఓపిక ఉంటుంది. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ యాత్ర (ఇక్కడి అమ్మవారి జాతర) రోజుల్లో మాత్రం సాయంత్రం పాత ఊరి వైపు ఈ పని పెట్టుకోకండి, వేషాలు వేసుకున్న జనంతో రోడ్లు కదలవు, పిల్లాడు కారు సంగతి మర్చిపోయి వేషాల వెంట పడతాడు (అదీ మంచి కాలక్షేపమే, కానీ కారు అవ్వదు).

రెండు, డబ్బు. ఎంత ఖర్చు పెడతారో ఇంట్లోనే పిల్లాడికి అంకె చెప్పేయండి, షాపులో చెప్తే వినడు. మేం మొదటిసారి 1500 అనుకుని వెళ్ళి 2300 కట్టి వచ్చాం. ఆ 800 ఎక్కడికి పోయాయంటే, లైట్ల సెట్టు, హారన్ మోగే సౌండ్ బోర్డు, వెనకాల రెక్క, ఇంకో జత చక్రాలు, చార్జర్. ఒక్కోటి చూస్తే చిన్నదే, అందుకే కుదరదనడానికి నోరు రాదు. రెండోసారి నుంచి ఒక చీటీ మీద లెక్క వాడి చేతే రాయించాను, ఒక్కో సామాను ఎంచుకున్నప్పుడల్లా మిగిలినది వాడే తీసేసుకోవాలి. రెక్క కావాలా, మంచి టైర్లు కావాలా అని అయిదు నిమిషాలు వాడిలో వాడే కొట్టుకున్నాడు. నేను నోరెత్తలేదు.

భాష గురించి టెన్షన్ అక్కర్లేదు, మా షాపతను ఒడియా ఆయనే అయినా తెలుగులో బేరం బాగానే చేస్తాడు. అయినా మనం కూడా రెండు ముక్కలు ఒడియాలో అంటే మనిషి మెత్తబడతాడు. చక అంటే చక్రం, కేతే అంటే ఎంత, చివర్లో బిల్లు దగ్గర "టికే కమ్ కరంతు ఆజ్ఞా" (కొంచెం తగ్గించండి సార్) అని నవ్వుతూ అనండి. మాకైతే ఒక స్టిక్కర్ షీటు ఊరికే వచ్చింది.

ఇక అసలు విషయం. పిల్లల కళ్ళు ముందు గోడ మీదికే పోతాయి, బాడీల మీదికి. మేమూ అదే తప్పు చేశాం. ఎర్రగా మెరిసిపోతున్న బాడీ ఒకటి ముందు తీసేసుకున్నాం, తర్వాత చాసీ (మోటారు, ఇరుసులు బిగించే కింది చట్రం), ఆ తర్వాత వాడికి నచ్చిన పేద్ద చక్రాలు. బల్ల దగ్గర కూర్చున్నాక చూస్తే బాడీలో చక్రాల గుంతల మధ్య దూరానికీ చాసీ ఇరుసుల మధ్య దూరానికీ అర అంగుళం తేడా. షాపతను ఆకురాయితో అంచులు రాసి ఎలాగో కూర్చోబెట్టాడు, కానీ బండి తిరిగిన ప్రతిసారీ ముందు టైరు బాడీకి రాసుకుని గర్రుమనేది. వారానికి టైరు అంచు అరిగిపోయింది.

అందుకే కింద నుంచి రండి. ముందు చాసీ, తర్వాత మోటారు, తర్వాత చక్రాలు, బాడీ చిట్టచివర. చాసీ తీసుకోగానే ముందు ఇరుసు నడిమి నుంచి వెనక ఇరుసు నడిమిదాకా స్కేలుతో కొలిచి చీటీ మీద రాసుకోండి. ఇప్పుడు గోడ దగ్గరికి వెళ్ళి, చక్రాల గుంతల మధ్య అదే కొలత ఉన్న బాడీల్లోంచే ఎంచుకోమనండి. వంద బాడీలు కాస్తా పదో పన్నెండో అవుతాయి, పేచీ కూడా తగ్గుతుంది. సైజు మాట వస్తే, డబ్బా మీద 1:18 అని ఉంటే అసలు కారులో పద్దెనిమిదో వంతు అన్నమాట, నాలుగున్నర మీటర్ల కారు జానెడు పైన వస్తుంది, 25 సెంటీమీటర్లు. 1:32 అయితే 14 సెంటీమీటర్లు, పిల్లాడి అరచేతిలో పడుతుంది. మొదటి కారుకి చిన్నదే మేలని నా ఉద్దేశం, సామాను చవక, పోయినా ఏడుపు తక్కువ.

మోటారు దగ్గర అందరూ "స్పీడుది ఇవ్వండి" అంటారు. ఆగండి, కారు ఎక్కడ నడుపుతారో ముందు ఆలోచించండి. ఇంట్లో పలకరాళ్ళ మీదైతే స్పీడు మోటారు సరే. మట్టి వాకిట్లో, గతుకుల్లో నడపాలంటే నెమ్మదిగా తిరిగినా బలంగా లాగే గేర్లు కావాలి, స్పీడు గేర్లు వేస్తే మోటారు గింజుకుని వేడెక్కుతుంది, బండి కదలదు. సెల్స్ కూడా అడగండి. మామూలు పెన్సిల్ సెల్ 1.5 వోల్టులు, చార్జింగ్ సెల్ 1.2, రెండేసి వేస్తే 3 ఒక దాంట్లో, 2.4 ఇంకో దాంట్లో. చార్జింగ్ సెల్స్‌తో మొదట్లో కాస్త నెమ్మది అనిపించినా చివరిదాకా దాదాపు ఒకేలా లాగుతాయి, రోజూ ఆడే పిల్లాడికి అవే గిట్టుబాటు.

రిమోట్ కారైతే ఇంకో ప్రశ్న ఉంది. దాని రిమోట్ సిగ్నల్ 27 మెగాహెర్ట్జ్ పాత రకమా, 2.4 గిగాహెర్ట్జ్‌దా? పాత రకానివి రెండు పక్కపక్కన నడిపితే ఒకరి రిమోట్‌కి ఇంకొకరి బండి కదులుతుంది. అన్నదమ్ములిద్దరికీ చెరొకటి కొంటున్నారంటే కొత్తదే తీసుకోండి, ఇంట్లో యుద్ధం తప్పుతుంది.

బల్ల దగ్గర పెద్దవాళ్ళు చెయ్యాల్సిన పని ఒక్కటే, చేతులు కట్టుకుని కూర్చోవడం. చాలా కష్టం. మా వాడు నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసి, ఒక్క స్క్రూకి మూడు నిమిషాలు పట్టించాడు, అది జారి బల్ల కింద పడింది, షాపతను ఏమీ అనకుండా దారానికి కట్టిన అయస్కాంతం ముక్క ఇచ్చాడు, వాడు నేల మీద పాక్కుంటూ వెతికి స్క్రూతో పాటు ఇంకెవరివో నాలుగు స్క్రూలు కూడా పట్టుకొచ్చాడు. కారు కంటే ఆ అయస్కాంతమే నచ్చిందేమో అని నా అనుమానం.

స్క్రూల విషయంలో ఒక కిటుకు. ప్లాస్టిక్‌లో ఇంతకుముందే ఒకసారి బిగించిన రంధ్రమైతే, స్క్రూ పెట్టి ముందు ఎడమవైపుకి మెల్లగా తిప్పమనండి. టిక్కుమని పాత గాడిలో పడినట్టు తెలుస్తుంది, అప్పుడు కుడివైపు తిప్పాలి. ఇలా చెయ్యకపోతే ప్రతిసారీ కొత్త గాడి తెగి, మూడోసారికి రంధ్రం వదులైపోతుంది. గట్టిపడగానే ఆపేయాలి, బలం చూపించకూడదు. మోటారు ముందుకీ వెనక్కీ జరిపి బిగించే రకమైతే, మోటారు చిన్న పళ్ళ చక్రానికీ పెద్ద పళ్ళ చక్రానికీ మధ్య నోటుబుక్కు కాగితం సన్న ముక్క పెట్టి, మోటారుని ఆనించి స్క్రూ బిగించి, తర్వాత కాగితం లాగేయండి. ఆ మాత్రం సందు చాలు. సందు మరీ లేకపోతే గీరుమంటుంది, మరీ ఎక్కువైతే పళ్ళు జారి అరుగుతాయి.

షాపు దాటే ముందు పరీక్ష చెయ్యండి, ఇది వదలొద్దు. సెల్స్ వెయ్యకుండా, గేరు తగలకుండా చక్రాలు తిరుగుతుంటే గనక, నేల మీద పలకల గీత వెంట మెల్లగా తోయండి, కారు ఒక పక్కకి పోతుంటే ముందు చక్రాలు వంకరున్నట్టే. తర్వాత సెల్స్ వేసి నడపండి. మా మొదటి కారు ముందుకి నొక్కితే వెనక్కి పోయింది, మోటారుకి ఎర్ర తీగా నల్ల తీగా తారుమారుగా అతికారు. షాపులోనే చూశాం కాబట్టి రెండు నిమిషాల పని, ఇంటికి వెళ్ళాక చూసి ఉంటే ఇంకో ఆటో ఖర్చు. బిల్లు అడిగి తీసుకోండి, రెండు మూడు అదనపు స్క్రూలు కూడా.

స్టిక్కర్లు అక్కడ అంటించకండి. హడావుడిలో వంకరగా పడతాయి. ఇంట్లో పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక్క చుక్క సబ్బు కలిపి, బాడీ మీద ఆ నీళ్ళు రాసి, స్టిక్కర్ పెడితే కాసేపు అటూ ఇటూ జరుపుకోవచ్చు. సరిగ్గా కుదిరాక గుడ్డతో మధ్య నుంచి అంచులకి ఒత్తి నీళ్ళు బయటికి తోసేసి, రాత్రంతా ఆరనివ్వాలి.

రెండోసారి తిట్లు ఎందుకు తిన్నామో కూడా చెప్పాలి కదా. సౌండ్ బోర్డులో వేసే బటన్ సెల్స్ రెండు అదనంగా కొన్నాం, మా వాడు వాటిని సోఫా మీద పెట్టాడు, వాడి రెండేళ్ళ చెల్లెలు ఒకటి గుప్పిట్లో పట్టుకుని నోటి దగ్గరికి తీసుకెళ్తుండగా మా అక్క చూసింది. ఆవిడ అన్నవన్నీ ఇక్కడ రాయలేను. బటన్ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది, మింగారని అనుమానం వచ్చినా ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి. ఇంట్లో మూడేళ్ళలోపు పిల్లలుంటే సౌండ్ బోర్డు జోలికి పోకండి, లేదా సెల్ పెట్టే మూతకి స్క్రూ ఉన్నదే తీసుకోండి. కిట్టు డబ్బాతో కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి నుంచి అది తప్పనిసరి.

మూడోసారి చేసిన కారు అన్నిటికంటే బాగా వచ్చింది, నీలం బాడీ, మెత్తటి రబ్బరు టైర్లు. షాపు బయట గుప్‌చుప్ (మన పానీపూరీయే) తింటుంటే "మావయ్యా, గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్దాం, ఇసకలో నడుపుతా" అన్నాడు. నాకూ సరదా పుట్టింది, వెళ్ళాం. పది నిమిషాలకే గేర్లలో ఇసక చేరి కరకరమంది, కెరటం ఒకటి వచ్చి చక్రాలు తడిపి పోయింది. ఇంటికొచ్చి చాసీ మొత్తం విప్పి, పాత టూత్‌బ్రష్‌తో ఇసక దులిపి, ఉప్పు పోయేలా తడిగుడ్డతో ఇరుసులు తుడిచి, ఆరబెట్టి, గేర్లకి అగ్గిపుల్ల కొనతో ఒకే ఒక్క చుక్క గ్రీజు పెట్టాం. ఎక్కువ పెడితే దుమ్మంతా దానికే అంటుకుంటుంది. ఇసక తగిలిన కారుని నడిపి చూద్దామని స్విచ్ వెయ్యకండి, ముందు విప్పండి. ఈసారి మా వాడు స్క్రూలన్నీ మూత ఉన్న చిన్న ఊరగాయ సీసాలో వేసుకున్నాడు, ఒక్కటి కూడా పోలేదు, కారు ఇప్పటికీ కాస్త ఆవకాయ వాసన వేస్తూనే ఉంది.