ఊరి గుళ్ల ఫోటో నడక, ఆరో పాఠం: నల్లరాయి, ఒరిగిన స్తంభం

గణపురంలోని పాత గుళ్ల సముదాయం కోటగుళ్లకి పోయినసారి చేసిన నడకలో మీరు తీసిన ఫోటోలన్నీ చూశాను. ముందు నా తప్పు ఒప్పుకుంటాను. "మండపంలోంచి బయటికి తీసేటప్పుడు వెలుతురున్న చోట కొలవండి" అని పోయిన పాఠంలో రాసి ఊరుకున్నాను. మీరు అక్షరాలా అదే చేశారు. ఫోన్ తెరలో గుమ్మం బయటి ఎండ మీద వేలు పెట్టి నొక్కారు. ఎండ బాగానే వచ్చింది, లోపలి స్తంభాలు బొగ్గయ్యాయి. అది చూసి కంగారుపడ్డ వాళ్లు స్తంభం మీద నొక్కితే గుమ్మం తెల్లకాగితమైంది.

నేను చెప్పాల్సింది ఇది. ఎండ నేరుగా పడకుండా, దాని వెలుగు మాత్రం సోకే రాయి ఒకటి గుమ్మానికి లోపలి అంచున ఉంటుంది. తెరలో ఆ రాయి మీద వేలు అదిమి పట్టుకోండి. ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి ఎంత వెలుతురు పట్టాలన్న లెక్క, అక్కడే లాక్ అవుతుంది. ఆ తర్వాతే ఫ్రేము సర్దుకోండి. లాక్ చెయ్యకుండా కెమెరా కదిపితే అది మళ్లీ మొదటి నుంచి లెక్కేస్తుంది, చేసిందంతా వృథా. అప్పటికీ బయట తెల్లబోతుంటే మీరు ఆలస్యంగా వచ్చారని అర్థం. పొద్దు పొడిచిన మొదటి గంటలో లోపలికీ బయటికీ తేడా తక్కువ. వెలుగునీ చీకటినీ కలిపి రెండూ కనిపించేలా చేసే హెచ్‌డీఆర్ ఫోన్‌లో ఉంది కదా అంటారు. ఉంది, నాకు నచ్చదు. చీకటి మండపం ఫోటోలోనూ చీకటిగానే ఉండాలి.

ఐఎస్‌ఓ, షట్టర్ గురించి మళ్లీ చెప్పను, అవి రెండో పాఠంలో ఉన్నాయి.

ఈసారి నడక ములుగు జిల్లా పాలంపేటకి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మనకి కావలసింది అక్కడి రాళ్లు. గుడి ఒళ్లంతా ఎర్ర ఇసుకరాయి, రంగమండపం మధ్య స్తంభాలేమో నునుపు పట్టిన నల్లరాయి. కెమెరాకి రాయి రంగు తెలియదు, ఏది చూపించినా నడిమి బూడిదరంగుకి తేవాలనుకుంటుంది. నల్లస్తంభం ఫ్రేమంతా నిండితే దాన్ని బూడిదగుమ్మడికాయలా తెల్లబరుస్తుంది. అక్కడ ఎక్స్‌పోజర్ మైనస్ ఒకటికి దించండి. చూరు కింద నిలబడ్డ మదనికలూ, అంటే ఆ స్త్రీ బొమ్మలూ నల్లరాయే, కానీ వాటి వెనక ఆకాశం ఉంటుంది. అక్కడ అదే మైనస్ పెడితే బొమ్మ కాస్తా నీడై కూర్చుంటుంది. ఒక అడుగు పక్కకి జరిగి వెనక చూరు రాయి వచ్చేలా చూసుకోండి. కుదరకపోతే ప్లస్ ఒకటి. ఒకే రాయికి రెండు చోట్ల రెండు లెక్కలు.

ఇక నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వని సంగతి. పంపిన ఫోటోల్లో ముప్పాతిక వంతు స్తంభాలు పైకి పోయేకొద్దీ దగ్గరపడి, తాగినవాళ్లలా ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. అడిగితే "సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తాం సార్" అన్నారు. చెయ్యలేరు. ఎందుకో వినండి.

శిఖరం పట్టలేదని కెమెరా మొహం పైకెత్తుతారు. అప్పుడు స్తంభం కాలు దగ్గరగా, తల దూరంగా ఉంటుంది. దూరమైనది చిన్నగా పడుతుంది కాబట్టి గీతలు లోపలికి వంగుతాయి. సాఫ్ట్‌వేర్ వాటిని నిలబెట్టాలంటే పై భాగాన్ని సాగదీయాలి, పక్కల్ని కొయ్యాలి. ఆ కోతలో అంచున ఉన్న ద్వారపాలకుడి చెయ్యి పోతుంది. ఇది చిన్న నష్టం.

పెద్ద నష్టం వేరే ఉంది. కోటగుళ్లలో కొన్ని స్తంభాలు నిజంగానే ఒరిగి ఉన్నాయి. రామప్పలో నేలే అక్కడక్కడా కుంగింది. ఎనిమిది వందల ఏళ్ల గుడి అది. మీరు ఇంట్లో కూర్చుని ఒక స్తంభాన్ని నిటారుగా లాగితే, పక్కన నిజంగా నిటారుగా ఉన్నది వంగుతుంది. ఏది రాయి ఒరుగుడో, ఏది మీ చేతి ఒరుగుడో ఇంటికొచ్చాక ఎవరూ చెప్పలేరు. పోయినసారి ఒకరు పంపిన ఫోటోలో శిథిల మండపం కొత్త పెళ్లిపందిరిలా నిక్కబొడుచుకుని ఉంది. ఆ గుడి ఎన్ని శతాబ్దాల బరువు మోసిందో ఫోటోలో లేకుండా పోయింది.

కాబట్టి స్తంభాన్ని నమ్మకండి, రసమట్టాన్ని నమ్మండి. ఫోన్‌లో, కెమెరాలో లెవెల్ గీత ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి. కెమెరా మొహం ఎత్తకుండా వెనక్కి నడవండి. ఫోన్ నిలువుగా తిప్పండి. కింద నేల ఎక్కువ వస్తే రానివ్వండి, తర్వాత కత్తిరించడం తేలిక. మరీ వెడల్పుగా చూపించే అల్ట్రావైడ్ లెన్సు ముట్టుకోకండి, అది చిన్న ఒరుగుడుని కూడా పెద్దది చేసి చూపిస్తుంది. వెనక్కి వెళ్లడానికి చోటే లేదా, అయితే సగం స్తంభమే తీయండి. లేదంటే పూర్తిగా పైకెత్తి కప్పునే తీయండి. కొంచెం ఎత్తితే తప్పు చేసినట్టుంటుంది, బాగా ఎత్తితే కావాలని తీసినట్టుంటుంది.

రామప్ప కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంది, ముందే అనుమతి లేకుండా ట్రైపాడ్ కుదరదు. నేను గుడ్డసంచిలో శేరుడు బియ్యం పోసి తీసుకెళ్తాను. సంచి నేల మీద పెట్టి దాని మీద కెమెరా ఆనిస్తే పావు సెకను షట్టర్ కూడా కదలదు. చెక్కడాల మీద మాత్రం పెట్టకండి, ఆనుకోకండి కూడా. అక్కడ పూజ జరుగుతుంది. గర్భగుడి లోపల నేను తీయను, మీరూ తీయకండి. పదిహేను మంది వెళ్తున్నాం కాబట్టి ఒక్కో వాకిలి దగ్గర ఒకేసారి ముగ్గురికి మించొద్దు. పోయినసారి సగం ఫోటోల్లో నా వీపే ఉంది.

అభ్యాసం. ఈ ఆదివారం లోపు మీ ఊరి గుడిలో ఒకే ఒక్క స్తంభం ఎంచుకోండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పూటకి పన్నెండు చొప్పున ముప్పై ఆరు ఫోటోలు. లెవెల్ గీత తప్పకూడదు, కత్తిరింపు లేదు, సవరింపు లేదు. మొత్తం ముప్పై ఆరూ పంపండి, మంచివి ఏరి పంపితే చూడను. పాలంపేటకి వచ్చేవాళ్లు ఒక చిన్న టార్చి కూడా తెచ్చుకోండి. శాసనం అక్షరాల మీద పక్క నుంచి వెలుతురు వేయడం అక్కడే చూపిస్తాను.