మొబైల్ యాప్ పాఠాలు – 4: నేటివా, క్రాస్ ప్లాట్‌ఫామా, వెబ్బా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు కోసం మన యాప్ ఏమేం చేయాలో పోయిన పాఠంలో రాసుకున్నాం. ఆ రోజు ధర చూపాలి, బస్తాల లెక్క, కాంటా తూకం, తక్‌పట్టీ (అమ్మకం లెక్క రాసిచ్చే చీటీ) ఫొటో దాచాలి. చాలామంది ఇక్కడే, యాప్ రాసే సాధనాల్లో ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా అని వాదనకు దిగుతారు. దానికింకా టైముంది. ముందు ఆ కాగితం తీసి, ప్రతి పని పక్కన ఇవి రాయండి: సిగ్నల్ లేకున్నా జరగాలా? ఫోన్‌లో ఏ పరికరం కావాలి? ఎవరి ఫోన్‌లో నడవాలి?

ధర చూడటానికి వెబ్ చాలు. వాట్సాప్‌లో లింక్ పంపితే తెరుచుకుంటుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. సర్వీస్ వర్కర్ (పేజీని బ్రౌజర్‌లో దాచిపెట్టగల చిన్న స్క్రిప్ట్) పెడితే ఆఖరుసారి చూసిన ధర నెట్ లేకున్నా కనిపిస్తుంది. అది ఏ తేదీ ధరో మాత్రం పెద్దక్షరాల్లో చూపండి, లేకపోతే రైతు నిన్నటి రేటును నమ్ముకుని బేరానికి కూర్చుంటాడు.

తక్‌పట్టీ సంగతి వేరు. డబ్బు విషయంలో తేడా వస్తే రైతు చేతిలో ఉండే ఆధారం అదే. బ్రౌజర్ దాచిన డేటాను, ఫోన్‌లో జాగా తగ్గినప్పుడు బ్రౌజరే తీసేయొచ్చు. సర్వర్‌కు కాపీ చేరకముందే అలా పోతే ఎవరూ తిరిగి తేలేరు. అందుకే ఈ భాగాన్ని నేను వెబ్‌కు వదలను. రేపు అడ్తిదారు వచ్చి బ్లూటూత్ కాంటా నుంచి తూకం నేరుగా యాప్‌లోకి రావాలంటే వెబ్ ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఐఫోన్ సఫారీలో వెబ్ బ్లూటూత్ లేనే లేదు.

ఇక మిగిలినవి రెండు: ఒక రకం ఫోన్ కోసమే రాసే నేటివ్, ఒకే కోడ్‌తో వేర్వేరు ఫోన్లకు రాసే క్రాస్ ప్లాట్‌ఫామ్. ముందు క్రాస్ ప్లాట్‌ఫామ్ సాధనాలు చూద్దాం. 2015లో వచ్చిన రియాక్ట్ నేటివ్ జావాస్క్రిప్ట్‌తో రాస్తే ఫోన్ సొంత బటన్లనే వాడుతుంది. 2018 డిసెంబర్‌లో 1.0 వచ్చిన ఫ్లట్టర్ డార్ట్ భాషలో నడుస్తూ స్క్రీన్ మొత్తం తానే గీస్తుంది. ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండూ అయిపోతాయన్నదే వీటి అసలు బలం. అయితే మన రైతుల చేతుల్లో ఉన్నవి ఎక్కువగా ఆండ్రాయిడ్ ఫోన్లే. రెండోది అక్కర్లేనప్పుడు ఆ బలంతో మనకు పనేముంది? పైగా కాంటాకు సరిపడే ప్లగిన్ (ముందే రాసిపెట్టిన అదనపు కోడ్) దొరక్కపోతే, ఆ భాగాన్ని ఎలాగూ ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్ భాషలో రాసుకోవాలి. కాబట్టి నా మాట: ధరకు వెబ్ పేజీ, లెక్కలకు కోట్లిన్‌లో నేటివ్ యాప్. మీకు డార్ట్ ముందే వచ్చి ఉంటే ఫ్లట్టర్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు.

ఖర్చు కూడా చూసుకోండి. ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది. ఆపిల్‌కు ఏటా 99 డాలర్లు, యాప్ తయారుచేయడానికి మ్యాక్ అదనం.

ఈ వారం పని: ఇంట్లో ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో అక్షరాల సైజు పూర్తిగా పెంచి, ఒక ఖాళీ యాప్‌లో ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అని చూపించండి. లైన్ ఎత్తు గట్టిగా బిగిస్తే కింది ఒత్తులు తెగుతాయి. తర్వాత అదే యాప్‌లో తూకం రాసే ఒక పెట్టె పెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఒక తూకం నమోదు చేసి, యాప్ పూర్తిగా మూసి, మళ్లీ తెరవండి. ఆ తూకం అక్కడే ఉందో, పోయిందో చూసుకోండి. వచ్చే పాఠంలో డేటాబేస్ మొదలుపెడదాం.