ఒక్క రోజులో ఓరుగల్లు: ముందు రామప్ప, చివర కోట

వరంగల్‌కు ఒక్క రోజు కోసం వచ్చేవాళ్లు చాలామంది ముందు కోట చూసేసి, ఎండ ముదిరాక రామప్పకు బయల్దేరతారు. ఈ వరస తిరగేయండి. రామప్ప గుడి హనుమకొండకు సుమారు 65 కిలోమీటర్ల దూరాన, ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. గుడి చుట్టూ చెప్పుల్లేకుండా తిరగాలి. ఎండాకాలంలో పదకొండు దాటితే ఆ రాయి కాళ్లు పెట్టనివ్వదు. అసలు చూడాల్సిన శిల్పాలేమో బయటే ఉన్నాయి! సంచిలో ఒక జత మేజోళ్లు వేసుకోండి.

సికింద్రాబాద్ నుంచి రైలు వెతికేటప్పుడు వరంగల్ ఒక్కటే కాదు, కాజీపేట కూడా చూడండి. ఢిల్లీ వైపు వెళ్లే రైళ్లు చాలావరకు కాజీపేట దగ్గరే బల్లార్షా దారి పడతాయి, వరంగల్ రావు. ఎక్కడ దిగినా ముందు హనుమకొండ బస్టాండుకే చేరాలి. అక్కడ ఏటూరునాగారం వైపు బస్సెక్కి, ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర దిగి ఆటో మాట్లాడుకోవాలి. చిక్కంతా తిరుగు ప్రయాణంలో ఉంటుంది. పాలంపేటలో ఖాళీ ఆటో దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే రానూపోనూ కిరాయి ఒకేసారి తేల్చుకుని, గంటన్నర ఆగాలని ఎక్కేముందే చెప్పండి. నలుగురుంటే హనుమకొండ నుంచే కారు మాట్లాడుకోవడం మేలు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరుగుతుంది. జనమంతా ఈ దారినే వెళ్తారు కాబట్టి ఆ వారం రామప్ప ఊసెత్తకండి.

1213లో కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో జాబితాకెక్కింది. గర్భగుడికి వెళ్లే తొందరలో చూరు కింది నల్లరాతి మదనికలను, అంటే నాట్యభంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలను, వదిలేయకండి. మూడు వాకిళ్ల దగ్గరా ఆగి తలెత్తి చూడండి. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి, వెతకండి. గోపురాన్ని నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలతో కట్టారు. దాన్ని చూడాలంటే కాస్త వెనక్కి జరగాలి. లోపల రంగమంటపం కప్పు చీకటిగా ఉంటుంది, ఫోన్ టార్చ్ పనికొస్తుంది. అయితే నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా ఉంది, పైకి చూస్తూ నడిచారంటే పడతారు.

దగ్గర్లోనే లక్నవరం చెరువు ఉంది, చూసొద్దామని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకుంటే కోటకు చేరేసరికి చీకటి పడుతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి.

హనుమకొండలో భోంచేశాక వేయిస్తంభాల గుడికి ముప్పావు గంట చాలు. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి ఒక్కో గర్భగుడి. స్తంభాలు లెక్కపెట్టే పని పెట్టుకోకండి, నున్నగా చిత్రిక పట్టినట్టున్న వాటి పనితనం చూడండి. ఎదురుగా ఉన్న కల్యాణమంటపాన్ని 2006లో విప్పదీసి, మళ్లీ పేర్చి 2024లో తెరిచారు. కార్తీక సోమవారాల్లో మాత్రం ఇక్కడ భక్తుల వరస చాలా పొడుగు. భద్రకాళి గుడి కూడా చూడాలనుకుంటే దీని తర్వాతే వెళ్లండి. మధ్యాహ్నం అక్కడ తలుపులు వేసి ఉంటాయి.

కోటను చివరికి ఉంచడానికి రెండు కారణాలు: సాయంత్రపు వెలుతురు, దగ్గర్లోనే ఉన్న వరంగల్ స్టేషన్. నాలుగింటికల్లా చేరాలి. ఆటోవాళ్లు నేరుగా రాతి తోరణ ద్వారాల దగ్గర దించేస్తారు. దారిలో రాతి కోట దర్వాజా దగ్గర ఓ పది నిమిషాలు ఆపమనండి. శత్రువు గుర్రాలు ఒక్క ఊపున దూసుకురాకుండా దారిని వంకర తిప్పిన తీరు అక్కడే తెలుస్తుంది. తోరణాలు నాలుగు, నాలుగు దిక్కులకూ. మొదటిదాని కింద ఫొటో దిగి వెనుదిరిగితే సగమే చూసినట్టు. అక్కడి నుంచి ఎదుటి తోరణం వైపు చూస్తే, మధ్యలో కుప్పపడ్డ రాళ్లన్నీ స్వయంభూ శివాలయానివని అర్థమవుతుంది. పక్కనే ఖుష్ మహల్ అనే పాత భవనానికి నడిచే వెళ్లొచ్చు. ఆ లోపలివైపుకు వాలిన గోడలు కాకతీయుల తర్వాతి కాలానివి.

సమయం మిగిలితే కొత్తవాడలో జంపఖానాలు (నేత తివాచీలు) కొనుక్కోవచ్చు. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. పెద్దది బరువుంటుంది, రైల్లో మోసుకెళ్లగలిగే కొలతే తీసుకోండి.