జావాస్క్రిప్ట్ నేర్చుకుందాం – 7: బటన్ నొక్కితే కొత్త విండో

పోయిన పాఠంలో బటన్ నొక్కగానే అక్షరాల రంగు మారేలా చేశాం కదా, ఆ ఫైలే మళ్లీ తెరవండి. నొక్కగానే ఏ ఫంక్షన్ నడవాలో బటన్‌కి చెప్పే ఆన్‌క్లిక్‌ని కదపొద్దు. ఫంక్షన్ లోపలి పాత లైను తీసేసి ఇది రాయండి. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాలే:

విండో.ఓపెన్('హెల్ప్.హెచ్‌టీఎంఎల్', 'సాయం', 'విడ్త్=500,హైట్=400')

మొదటిది తెరవాల్సిన పేజీ. చివరిది కొలతలు, పిక్సెళ్లలో. 100 కంటే తక్కువ ఇచ్చినా బ్రౌజర్ 100 కిందికి దిగదు. కొలతలు అసలివ్వకపోతే విండోకి బదులు ట్యాబ్ తెరుచుకుంటుంది. ఫోన్లో అయితే ఇచ్చినా మామూలుగా ట్యాబే.

మధ్యలో ఉన్న పేరు దగ్గర కాసేపు ఆగాలి. చాలామంది అక్కడ ఏదో ఒకటి రాసేసి ముందుకెళ్లిపోతారు. సేవ్ చేసి బటన్ నొక్కండి. వచ్చిన విండోని మూయకుండా పక్కకి జరిపి, మళ్లీ నొక్కండి. రెండోది రాలేదు! ఆ పేరుతో విండో ఒకటి ఇప్పటికే ఉంది కాబట్టి బ్రౌజర్ పేజీని అందులోనే మళ్లీ లోడ్ చేసింది. ఇప్పుడు పేరు స్థానంలో _బ్లాంక్ అని పెట్టి నాలుగుసార్లు నొక్కండి. నాలుగు విండోలు ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటిని ఒక్కొక్కటిగా మూసుకోవాల్సింది పాపం చదివేవాళ్లే. అందుకే సహాయం పేజీలాంటి వాటికి నేనెప్పుడూ పేరు పెట్టే రాస్తాను.

ఇంకో ప్రయోగం. అదే లైనుని ఫంక్షన్ బయట, స్క్రిప్ట్ మొదట్లో పెట్టి పేజీని రీఫ్రెష్ చేయండి. విండో రాదు, అడ్రస్ బార్ దగ్గర పాపప్, అంటే పేజీ మీదికి వచ్చే కొత్త విండో, ఆపేసినట్టు గుర్తు కనిపిస్తుంది. ఒకప్పుడు పేజీ తెరిస్తే చాలు, ప్రకటనల విండోలు వాటంతటవే మీద పడేవి. ఆ బాధ పడలేకే బ్రౌజర్లు ఈ అడ్డు పెట్టాయి. చదివేవాళ్లు నొక్కితేనే తెరవనిస్తాయి. నొక్కిన తర్వాత సర్వర్ జవాబు కోసం చాలాసేపు ఆగి తెరవబోయినా ఇదే గతి. కాబట్టి లైనుని మళ్లీ ఫంక్షన్‌లోకి తెచ్చేయండి.

బటన్ ఫారం లోపల ఉంటే టైప్ దగ్గర బటన్ అని రాయడం మరవకండి. లేకపోతే నొక్కగానే ఫారం సబ్మిట్ అయిపోతుంది.

విండో.ఓపెన్ ఇచ్చే ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో పట్టుకోవచ్చు. బ్రౌజర్ అడ్డుకుంటే అందులో నల్, అంటే ‘ఏమీ లేదు’ అనే విలువ, ఉంటుంది. అలాంటప్పుడు బటన్ కింద హెల్ప్ పేజీకి మామూలు లింకు కనిపించాలి. నాలుగో పాఠంలోని ఇఫ్‌తో ఆ రెండు లైన్లు మీరే రాసి చూడండి.