క్యూఎల్‌సీ ప్లస్‌తో స్టేజీ లైటింగ్ – 4వ పాఠం: నాలుగోది ఎర్రగా, ఆరోది పసుపుగా

ముందుగా నా తప్పు. పోయిన పాఠంలో ఎనిమిది ఎల్‌ఈడీ పార్ లైట్ల వెనక డిస్‌ప్లేలో 1, 11, 21 అంటూ 71 దాకా అడ్రసులు పెట్టమన్నాను. క్యూఎల్‌సీ ప్లస్ అనే లైట్ల సాఫ్ట్‌వేర్‌లో ఏడు చానళ్ల పార్‌లు ఎనిమిది కలపమన్నాను (చానల్ అంటే లైటులో ఒక్కో పనిని 0 నుంచి 255 దాకా నడిపే దారి; లైటు మొదటి చానల్ నంబరే దాని అడ్రస్). లైటుకూ లైటుకూ మధ్య ఎన్ని చానళ్లు వదలాలో చెప్పే 'అడ్రస్ గ్యాప్' గడిలో 3 వేయమని మాత్రం చెప్పలేదు. నాకు చేయి దానంతటదే వేసేస్తుంది, రాయాలని తట్టలేదు.

దాంతో చాలామందికి ఒకటే వింత. అన్నిటికీ తెలుపు ఇస్తే ఒకటోది తెల్లగా, నాలుగోది ఎర్రగా, ఆరోది పసుపుగా వెలిగింది. మిగతా ఐదూ చీకటి. కొందరు కేబుళ్లన్నీ మార్చారు. ఒకరైతే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకున్నారట!

గ్యాప్ లేకపోతే సాఫ్ట్‌వేర్ లైట్లను 1, 8, 15, 22, 29, 36, 43, 50 అని పక్కపక్కనే పేర్చేస్తుంది. మన పార్‌లో చానళ్ల వరుస డిమ్మర్ (మొత్తం వెలుగు), ఎరుపు, ఆకుపచ్చ, నీలం, స్ట్రోబ్ (మిణుకు); చివరి రెండూ ప్రోగ్రాములవి, స్ట్రోబ్‌తో పాటు వాటిని ఈ లెక్కలో పక్కన పెడదాం. నాలుగో లైటును పట్టుకుని చూడండి. దాని డిమ్మర్ 31. సాఫ్ట్‌వేర్ లెక్కలో 31 అంటే ఐదో లైటు ఆకుపచ్చ. ఆ 255 వచ్చి నాలుగోదాని డిమ్మర్‌లో పడింది. 32లో పంపిన నీలం దాని ఎరుపులో పడింది. దాని ఆకుపచ్చ, నీలం రెండూ సున్నాలు. ఎర్రగా కాక ఇంకెలా వెలుగుతుంది? ఆరోదానికి ఇలాగే ఎనిమిదోదాని రంగులు అందాయి. రెండోదానికి డిమ్మర్ అందింది గానీ రంగు రాలేదు. మూడు, ఐదులకు రంగు వచ్చింది, డిమ్మర్ లేదు. సాఫ్ట్‌వేర్ పంపేది 56తోనే అయిపోయింది కాబట్టి ఏడు, ఎనిమిదికి ఏమీ చేరలేదు.

సీన్లు (దాచుకున్న లైట్ల అమరికలు) ఇంకా చేయకపోతే ఎనిమిదినీ తీసేసి గ్యాప్ 3తో మళ్లీ కలపండి. చేసి ఉంటే తీసేయకండి, సీన్లలోంచి కూడా పోతాయి. ఒక్కొక్కదాని ప్రాపర్టీస్‌లో అడ్రస్ మార్చండి, అదీ ఎనిమిదోదాని నుంచి వెనక్కి. ముందు నుంచి మొదలుపెడితే రెండోది వెళ్లి మూడోదాని మీద కూర్చుంటుంది.

చానళ్లు ఎందుకు వృథా అని అడిగారు. ఆరో లైటు 51 అని నిచ్చెన మీద నిలబడి కూడా చెప్పగలను, అందుకు. ఒక్క యూనివర్స్‌లోని (ఒక కేబుల్ వరుస మోసే చానళ్ల గుంపు) 512 చానళ్లలో ఈ లెక్కన 51 లైట్లు పడతాయి. మన నాటకాలకు అన్ని ఎవరిస్తారు?

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి, మోడ్, అంటే లైటు ఎన్ని చానళ్లతో పనిచేయాలో దాని వెనకే పెట్టే అమరిక. అడ్రస్ సరిగ్గా ఉన్నా ఎరుపు అడిగితే పసుపు వస్తోందా? లైటు నాలుగు చానళ్ల మోడ్‌లో ఉంది. అందులో మొదటి చానలే ఎరుపు. మీ డిమ్మర్ దాని ఎరుపైంది, మీ ఎరుపు దాని ఆకుపచ్చైంది, రెండూ కలిస్తే పసుపు. ఆకుపచ్చ అడిగితే ఇలాగే మెజెంటా వస్తుంది. లైట్లకు ఆజ్ఞలు మోసే డీఎంఎక్స్ పద్ధతిలో మాట ఒకవైపే. లైటు తిరిగి పలకదు కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు తప్పు తెలియదు, ఎర్రర్ చూపించదు. స్క్రీన్ ముందు గంటసేపు కూర్చున్నా దొరకదు, లేచి లైటు వెనక్కి వెళ్లాలి. కొన్ని చవక పార్‌లలో డిస్‌ప్లే మీది మొదటి అక్షరమే మోడ్: ఎ001 ఒకటి, డి001 ఇంకొకటి. అంకె చూసి అక్షరం వదిలేస్తారు.

పరీక్ష సులువే. సాఫ్ట్‌వేర్‌లో చానళ్లను నేరుగా కదిపే పేజీ సింపుల్ డెస్క్‌లో 1వ చానల్ ఒక్కటే పైకి లేపండి. ఏడు చానళ్ల మోడ్‌లో వెలుగు రాకూడదు, రంగులన్నీ సున్నా కదా. వచ్చిందంటే మోడ్ వేరు. చూశాక రీసెట్ నొక్కండి, లేకపోతే ఆ విలువ సీన్లను కూడా తోసేసి అక్కడే ఉంటుంది.

ఆర్ట్‌నెట్ నోడ్ (నెట్‌వర్క్ నుంచి డీఎంఎక్స్ అందించే పెట్టె) వాడేవాళ్లకు ఒక్క మాట: సాఫ్ట్‌వేర్‌లో యూనివర్స్ 1 అంటే ఆర్ట్‌నెట్‌లో మామూలుగా 0. వర్చువల్ కన్సోల్ (స్క్రీన్ మీద మీరు పేర్చుకునే బటన్ల పేజీ) బటన్లు పనిచేయడం లేదన్నవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఆపరేట్ మోడ్‌లోకి వెళ్లండి, అంతే.

అభ్యాసం కాగితం మీద, లైట్లు ముట్టుకోకుండా. లైట్ల అడ్రసులు అవే, సాఫ్ట్‌వేర్‌లో గ్యాప్ 1 వేశారనుకోండి. అన్నిటికీ తెలుపు ఇస్తే ఎనిమిదీ ఎలా కనిపిస్తాయో రాయండి. ఒకటోది కాక ఇంకొకటి కూడా తెల్లగా వెలుగుతుంది. అది ఏది, ఎవరి మాట వింటోంది?