సముద్రపు రాళ్ల మీద లిజియాను బెదరగొట్టకుండా చూడటం ఎలా?

లిజియా బొద్దింకలా పరుగెత్తుతుంది కానీ పురుగు కాదు. రొయ్యలు, పీతల వర్గానిది. ఏడు జతల కాళ్లు, పెద్ద కళ్లు, తోక దగ్గర రెండు చీలిన పుల్లలు కనిపిస్తే అదే.

టార్చి, దాని అద్దానికి కట్టడానికి ఎర్ర కాగితం, జారని బూట్లు చాలు. చీకటి పడ్డాక, పోటు తగ్గుతున్న వేళ, తోడుతో వెళ్లండి. అలలు నేరుగా కొట్టని, తుంపర మాత్రం పడే ఎత్తులో పగుళ్లున్న రాయిని ఎంచుకోండి.

అందరూ పాడుచేసేది ఇక్కడి నుంచే. తెల్లని వెలుతురు నేరుగా పగులు మీద వేస్తారు. క్షణంలో అన్నీ మాయం! టార్చిని పక్కనున్న రాతి మీదకు తిప్పండి, అంచు వెలుతురే సరిపోతుంది. మీ నీడ పగులు మీద పడకూడదు. అడుగుల చప్పుడు రాకూడదు. కూర్చున్నాక కనీసం పావుగంట కదలకండి. ఐదు నిమిషాలకే లేచిపోయి "ఇక్కడేమీ లేవు" అనేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు లేచాకే అవి బయటికొస్తాయి.

రాళ్లు తిరగేసి చూడటం నాకు అస్సలు నచ్చదు. లిజియా ఊపిరి తీసుకునేది పొట్ట కింద మొప్పల్లాంటి రేకులతో. అవి తడిగా ఉండాలి, ఆ తడిని కాపాడేది పగులే. రాయి కదిపితే దాని ఇల్లే పోతుంది. పైగా ఆడది గుడ్లను రొమ్ము కింది సంచిలో మోస్తూ తిరుగుతుంది. చేత్తో నొక్కితే పిల్లలూ పోతాయి. పట్టుకుని పొడి డబ్బాలో వేయడం ఇంకా ఘోరం.

అవి బయటికొచ్చాక చూడాల్సింది చాలా ఉంది. రాతి మీది నాచు, కుళ్లిన సముద్రపు మొక్కలు కొరుకుతుంటాయి. ఒకే జీవిని పగలూ రాత్రీ చూస్తే రంగు మారిందని తెలుస్తుంది: పగలు ముదురు, రాత్రి లేత. లిజియా ఓషియానికా అనే జాతి 3 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పెద్దవాటిని గుర్తుపట్టడం తేలిక. ఒక్కోసారి వెనక సగం ఒక రంగులో, ముందు సగం ఇంకో రంగులో ఉన్నది కనిపిస్తుంది. జబ్బనుకోకండి. కుబుసం రెండు విడతల్లో విడుస్తుంది: ముందు వెనక సగం, కొద్ది రోజులకు మిగతాది. అలాంటిది కంటపడిన రాత్రి నేను కదలకుండా ఎంతసేపైనా కూర్చుంటాను.