పల్నాటి యుద్ధాన్ని కారంపూడి వెళ్లి తెలుసుకోవడం ఎలా?

ముందు మ్యాపు తెరిచి పల్నాడు జిల్లాలో కారంపూడిని వెతకండి. దానికి వాయవ్యంగా గురజాల, పడమరగా మాచర్ల ఉంటాయి. 12వ శతాబ్దంలో గురజాలను నలగామరాజు, మాచర్లను ఆయన సవతి తమ్ముడు మలిదేవరాజు ఏలారు. ఆ రెండు ఊళ్లు ఎంత దగ్గరో చూస్తే ఇది దాయాదుల పోరని ఎవరూ చెప్పనక్కర్లేదు.

తరువాత ప్రయాణానికి రోజు చూసుకోండి. ఆ యుద్ధంలో పోరాడినవారిని తలచుకుంటూ కారంపూడిలో జరిగే వీరుల ఉత్సవం కార్తీక అమావాస్యనాడు మొదలై అయిదు రోజులు సాగుతుంది: రాచగావు (ఆరంభ దినం), రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు (యుద్ధాన్ని తలచుకునే ముగింపు దినం).

చాలామంది తికమకపడేది ఇక్కడే. ఉత్సవ క్రమం, కథా క్రమం ఒకటి కావు. బయలుదేరే ముందే కథను వరుసగా మనసులో పెట్టుకోండి. మొదటిది కోడిపోరు. గురజాల మంత్రి నాగమ్మ కోడి చేతిలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి కోడి ఓడింది. పందెం ప్రకారం మాచర్లవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లారు. వలసలో ఉండగా వారి ఆలమందలపై దాడి జరిగింది, అదే మందపోరు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి మాచర్ల తరఫున అలరాజు రాయబారం వెళ్లాడు. ఆయన నలగామరాజుకు స్వయానా అల్లుడు. అయినా విషప్రయోగంతో చంపించారని కథ. ఇక సంధికి దారి మూసుకుపోయింది. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున కత్తులు దూశారు.

వినేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఈ కథను ఎక్కువగా మాచర్ల వీరుల పక్షాన నిలబడి చెబుతారు. అందుకే నాగమ్మ కుట్రదారుగానే మిగిలిపోయింది. చీలిన పల్నాడును మళ్లీ ఒక్క గద్దె కిందికి తేవాలనుకున్న మంత్రిగా కూడా ఆమెను చూడాలి. అలా చూడకపోతే సగం యుద్ధమే అర్థమవుతుందని నా నమ్మకం.

ఊళ్లో అడుగుపెట్టగానే వీరుల గుడికి వెళ్లండి. వీరుల ఆయుధాలను అక్కడ కొణతాలంటారు. పసుపు, కుంకుమ పూసిన ఆ ఇనుమును ఊరూరి నుంచి మోసుకొస్తారు. వీరవిద్యావంతులు గాథ పాడుతుంటే ఫోను జేబులో పెట్టి కూర్చుని వినండి. మందపోరు నాడు చాపకూడు ఉంటే తప్పక తినండి. కులం చూడకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి పేరు మీద సాగే పంక్తి అది. మాల కులస్థుడైన కన్నమదాసు ఆయన సేనలో ఎందుకు ముందు నిలిచాడో ఆ పంక్తిలో తెలుస్తుంది.

చివరిరోజు కళ్లిపాడుకు ముందు, కొణతం మోస్తున్న ఒక ఆచారవంతుడి దగ్గర ఆగి, అది ఏ వీరుడిదని అడగండి.